పేషెంటు పేరు

మూడో రోజు కూడా ఆయన షాపు తెరవలేదు.

పంజా సెంటర్లో ఆ షట్టరు వరసగా మూడు రోజులు దిగి ఉండటం ఈ ఇరవై మూడేళ్ళలో ఇంతకుముందు ఒక్క ఆయన ఆపరేషనప్పుడే. కూచిపూడి నుంచి డాన్సు మాస్టారు పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు. పంద్రాగస్టు ప్రోగ్రాముకి ఎనిమిది మంది ఆడపిల్లల డ్రస్సులు కావాలి. ముందు వేసే కుచ్చిళ్ళ విసనకర్ర ఒక్కటీ కుట్టలేదు.

“మా ఇంట్లో ఆవిడకి ఒంట్లో బాగోలేదండీ. ఈసారికి ఇంకెవరికైనా ఇచ్చుకోండి” అని మా ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆ ఆవిడని నేనే. నాకేమో ఏ రోగమూ లేదు. గుండ్రాయిలా ఉన్నాను.

“లేవకు, లేవకు” అంటూ ఆయన వంటింట్లోంచి టీ గ్లాసు పట్టుకొచ్చారు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆయన స్టవ్ వెలిగించడం నేను చూసింది ఈ మూడు రోజులే.

“పంచదార సరిపోయిందా?”

పాకంలా ఉంది. “సరిపోయిందండీ” అన్నాను.

“నిన్ను నేను సరిగ్గా చూసుకోలేదు ఆమినా.”

“అయ్యో, అవేం మాటలండీ!”

“టైలర్ని కదా, వచ్చినవాళ్ళ భుజం అర అంగుళం వాలితే కనిపెట్టేస్తా. నా ఇంట్లో మనిషి చిక్కి సగమైతే మాత్రం చూళ్ళేదు.” మంచం మీదున్న నా జాకెట్టు తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నారు. “ఇది పోయిన రంజానుకి కుట్టాను. నిన్న నీకు టేపు పెట్టి చూశానా, రెండంగుళాలు వదులు. రెండంగుళాలంటే మాటలా?”

రెండంగుళాలు తగ్గిన మాట నిజమే. కానీ తగ్గింది రోగంతో కాదు, ఏడు నెలలుగా ముద్ద దిగక. ఎందుకు దిగడం లేదో నేను చెప్పుకోవాల్సిన మనిషి లోకంలో ఒక్కరే. ఆ ఒక్కరికే చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించారు.

బుధవారం పోస్టుమాన్ ఇచ్చిన కార్డు ఇంకా ఆయన చొక్కా జేబులోనే ఉంది. గంటకోసారి తీసి చదువుతున్నారు. నాకూ కంఠతా వచ్చేసింది.

‘శ్రీమతి ఆమినాబీ గారికి. కిడ్నీ క్యాన్సర్ పేషెంట్ల నెలవారీ సమావేశం 10-8-2003, రెండో ఆదివారం ఉదయం పది గంటలకు. డాక్టరు గారు వచ్చి సందేహాలు తీరుస్తారు. మీరు, మీ కుటుంబ సభ్యులు తప్పక రావలెను. ఇట్లు, రామ్మూర్తి, కన్వీనర్.’

కార్డు చదివి ఆయన నా మొహంలోకి చూసిన చూపు ఇంకా నన్ను వదల్లేదు. “ఇది నిజమేనా?” అని ఒక్కమాట అడిగారు. కాదంటే, మరి ఎవరికి అంటారు. ఆ మీటింగుకి ఎందుకెళ్ళావంటారు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. నా మౌనాన్ని ఆయన అవునని అర్థం చేసుకున్నారు.

నిజానికి ఆ కార్డు నా పేరు మీద రావడానికి కారణం నా నోరే.

మూడు నెలల కిందట మొదటిసారి, ఆయన షాపుకి వెళ్ళాక, దొంగచాటుగా బస్సెక్కి వెళ్ళాను ఆ మీటింగుకి. సత్యనారాయణపురంలో ఒక ప్రైవేటు స్కూలు. ఆదివారం పిల్లలు ఉండరని ఒక క్లాసురూము వాడుకోనిస్తారు. గుమ్మం దగ్గర రిజిస్టరు పట్టుకుని కూర్చున్నావిడ కనకవల్లి గారు, ఆ రామ్మూర్తి గారి భార్య.

“పేషెంటు పేరు చెప్పండమ్మా.”

“మా వారండీ.”

“సరే, పేరూ?”

“సిద్రా వాళ్ళ అబ్బా.”

“సిద్రా ఎవరమ్మా?”

“మా అమ్మాయండీ.”

“అమ్మాయికా ప్రాబ్లం?”

“యా అల్లా! దానికేంటండీ, అది శుభ్రంగా ఉంది.”

నా వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. ఆవిడ కళ్ళజోడు పైకి నెట్టుకుని, “పోనీ మీ పేరు చెప్పండి తల్లీ” అన్నారు. చెప్పాను. అడ్రసు చెప్పాను. పేషెంటు అన్న గడిలోనే నన్ను రాశారని నాకేం తెలుసు?

మా అమ్మ మా నాన్న పేరు పలకగా నేను వినలేదు. మా అత్తగారైతే రేషను షాపులో కార్డు చూపించేది గానీ మామగారి పేరు చెప్పేది కాదు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందట. తలచుకుంటే నవ్వొస్తుంది, ఒళ్ళూ మండుతుంది. ఆయన ఆయుష్షు తగ్గకూడదని పేరు దాచుకుంటే, ఆయన రోగం వచ్చి నా పేరు మీద కూర్చుంది.

“అమ్మీ, ఇంకెన్నాళ్ళు ఈ నాటకం?” అంది సిద్రా, ఆయన కొబ్బరి బొండాం కోసం బయటికి వెళ్ళగానే. మా సిద్రా డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఏది దాచినా దానికి పడదు.

“నాటకమా? నేనాడుతున్నానా?”

“మరి? మంచమెక్కి కూర్చున్నావు. అబ్బా నీకు తల దువ్వుతున్నారు. సిగ్గుండాలి.”

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. చెయ్యి లేవలేదు. అది చెప్పింది నిజం మరి. ఈ మూడు రోజులూ నేను రోగినై సుఖపడ్డాను. ఒప్పుకోవడానికి నాకేం భయం? ఏడు నెలల తర్వాత ఆయన నా పక్కన కూర్చుని మాట్లాడుతున్నారు. మాకు మునుపు మాటలే సంసారం. మధ్యాహ్నం భోజనానికొచ్చి, ఎవరి భుజాలు ఎత్తుపల్లాలో, ఏ పిల్ల కొలతలిస్తూ చక్కిలిగింతలకి నవ్విందో అన్నీ చెప్పేవారు. ఆపరేషనయ్యాక ఆ మాటలు పోయాయి. ఆయన పోగొట్టలేదు, నేనే పోగొట్టాను. ఏ మాట ఎత్తితే ఏది జారుతుందో అని కుక్కిన పేనులా పడున్నాను. ఆయనకి అది కోపమనిపించింది. ఆయనా మాట్లాడటం తగ్గించారు.

ఒకే మంచం మీద పక్కనున్న మనిషి కోసం బెంగ పెట్టుకోవడం ఎవరికైనా తెలుసా? నాకు తెలుసు.

“ఆదివారం లోపల నువ్వు చెప్పకపోతే నేను చెప్తా” అంది సిద్రా. “స్కాను జూన్‌లో తీయించాలి. ఇప్పుడు ఆగస్టు. లెక్కలు రావా నీకు?”

లెక్కలు రాకపోవడమేంటి! ఆపరేషన్ అయిన రోజు డాక్టరు గారు మమ్మల్ని వరండాలోకి పిలిచి చెప్పారు. కిడ్నీలో ఉన్నది క్యాన్సర్ గడ్డ, కిడ్నీతో సహా తీసేశాం, అదృష్టం బాగుండి బయటికి పాకలేదు, కానీ ఆరు నెలలకోసారి స్కాను తీయించాలి, అది మాత్రం మానొద్దు అని. ఆ మాట ముగిసీ ముగియకముందే బడే మియా నా చెయ్యి లాగి సిద్రా తల మీద పెట్టారు. బడే మియా అంటే మా ఆయనకి అన్నగారు. పామర్రులో సైకిల్ షాపు. “వాడికి రాయని చెప్దాం. రాయి పెద్దదై కిడ్నీ చెడిపోయింది, తీసేశారు. అంతే. ఒట్టెయ్యి” అన్నారు.

వేశాను. ఇప్పుడేమో ఈయన స్కానంటే నవ్వుతారు. “రాయి పోయింది, రాయున్న కిడ్నీ పోయింది. లేని రాయికి ఫొటో ఎందుకే?” అంటారు.

రోగం సంగతి చెబితే మనిషి దక్కడని వాళ్ళ అన్నగారి భయం. చెప్పకపోతే దక్కడని నా భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ సాయంత్రం ఆయన అలమారంతా వెతుకుతున్నారు. నడుం నొప్పి బిళ్ళల కోసం. మిషను మీద వంగి వంగి నడుం పట్టేస్తుంది, రోజుకి రెండేసి మింగేవారు. ఒక్క కిడ్నీతో ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ఆ బిళ్ళలు మింగకూడదని మీటింగులో విన్న దగ్గర్నుంచి నేను వాటిని బియ్యం డబ్బాలో పాతేస్తున్నాను. పోయిన వారమంతా దాని మీదే మా ఇద్దరికీ గొడవ.

ఈసారి గొడవ పెట్టలేదు. వెతకడం ఆపేసి వచ్చి కూర్చున్నారు.

“నాకొకటి మిగిలింది కదా ఆమినా.”

“బిళ్ళా?”

“కిడ్నీ.” చాలా మామూలుగా అన్నారు, గుండీ సంగతి చెప్పినట్టు. “నీకిచ్చేస్తా. ఆదివారం నీతో నేనూ వస్తున్నా. ఆ డాక్టరు గారినే అడిగేస్తా.”

“మరి మీరో?”

“నాదేముంది? నాది రాయి జబ్బు. రాయి మనిషిని చంపదు.”

“నోర్ముయ్యండి!” అన్నాను. ఆ మాట ఆయన్ని ఎప్పుడూ అనలేదు. వీధిలోకి వినపడి ఉంటుంది.

ఆయన నవ్వారు. “తిట్టు, తిట్టు. నీకు తిట్టే ఓపికుంది, అది చాలు నాకు.”

నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఏడిస్తే రోగం బాధ అనుకుంటారని ఏడవలేదు కూడా.

*

శనివారం మధ్యాహ్నం బడే మియా దిగారు, పామర్రు బస్సులో, సంచీ నిండా జామకాయలతో. తమ్ముడు ఫోన్ చేసి, ‘భాయ్, ఆమినకి ఆ మాయదారి రోగమట’ అని ఏడ్చాడట.

మా ఆయన జోహర్ నమాజుకి మసీదుకి వెళ్ళేదాకా ఆగి, బావగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకున్నారు. కార్డు కథంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన గడ్డం నిమురుకుని, “మన మంచికే జరిగిందమ్మా ఇది” అన్నారు.

“మంచికా?”

“ఆలోచించు. వాడికి తన రోగం తెలీదు, నీకుందనుకుంటున్నాడు. అనుకోనీ. నీ కోసమని ఇంట్లో ఉప్పు తగ్గించు. నీ కోసమని ఆ బిళ్ళలు రానివ్వకు. రేపు మీటింగులో డాక్టర్లు చెప్పే జాగ్రత్తలన్నీ వాడి చెవినే పడతాయి. తర్వాత నీకు స్కానని తోడు తీసుకెళ్ళి, ఎలాగూ వచ్చారు కదా మీరూ ఒకటి తీయించుకోండి అను. తీయించుకుంటాడు.”

మా బావగారి బుర్ర సైకిలు చెయిను లాంటిది. ఎంత తిప్పినా మళ్ళీ అక్కడికే వస్తుంది.

“ఎన్నాళ్ళు బావగారూ ఇలా?”

“ఎన్నాళ్ళైతే అన్నాళ్ళు.”

“ఆ స్కానులో మళ్ళీ ఏదైనా కనపడితే? అప్పుడు ఆయన్ని కూడా నా పేరు మీదే ఆస్పత్రిలో పడుకోబెడతారా?”

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆగలేదు.

“తన కిడ్నీ నాకిస్తానంటున్నారు. ఉన్న ఒక్కటీ! రేపు అందరి ముందూ నిలబడి అడుగుతారట. మీ తమ్ముడు నవ్వులపాలైనా సరే, ప్రాణం మీదికి తెచ్చుకున్నా సరే, మనం మాత్రం మాట నిలబెట్టుకోవాలి. అంతేనా?”

“ఒట్టు వేశావు ఆమినా.”

“ఆ ఒట్టు నా తల మీద వేయించారు పెద్దబ్బా” అంది సిద్రా వెనకనించి. “నా తల నాది. నేను వదిలేస్తున్నా ఆ ఒట్టు.”

“నోర్ముయ్! చిన్నపిల్లవి.”

“ఇరవై ఒకటి నాకు. ఓటేస్తున్నా.”

కొట్టడానికి లేస్తారేమో అనుకున్నాను. లేవలేదు. జామకాయల సంచీ ఒళ్ళో పెట్టుకుని, అంత మనిషీ, కళ్ళు ఒత్తుకున్నారు.

“తోడబుట్టిన మా ఆపా సంగతి మీకు తెలీదు. గుంటూరులో డాక్టరు ఆ మాట మొహం మీదే చెప్పేశాడు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే తినలేదు, పిలిస్తే పలకలేదు. తొమ్మిదో రోజు పోయింది. దాన్ని రోగం చంపలేదమ్మా, మాట చంపింది. నాకిప్పుడు మిగిలింది వీడొక్కడే.”

ముసలాయన మీద అంత కోపమూ ఎటు పోయిందో. కడుపులో ప్రేమే కదా ఇంత పని చేయించింది. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

అంతలో మా ఆయన వచ్చేశారు. ముగ్గురి మొహాలూ చూశారు. “ఏంటి భాయ్ ఇది? ఆమిన దగ్గర ఎవరూ ఏడవకూడదని చెప్పానా లేదా?” అని అన్నగారి మీద విరుచుకుపడ్డారు. పుట్టి బుద్ధెరిగాక అన్నగారి ముందు గొంతు పెంచని మనిషి. “ధైర్యం చెప్పడానికి రమ్మన్నాను, శోకాలు పెట్టడానికి కాదు. తెలిసిన రోగానికి మందుంటుంది. తెలియని రోగానికే భయపడాలి.”

బడే మియా తల వంచుకుని జామకాయలు ఒక్కొక్కటే బయటికి తీసి పెట్టారు. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయారు. వెళ్తూ గుమ్మం దగ్గర నా వైపు చూశారు. చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు.

మా ఆయన అన్నగారిని బస్సెక్కించి వచ్చి, ఇంట్లో ఉన్న మిషను దగ్గర కూర్చుని నా జాకెట్టు చేతిలోకి తీసుకున్నారు. పక్క కుట్లు విప్పి రెండంగుళాలు లోపలికి వేశారు.

“రేపు నలుగురిలోకి వెళ్తున్నావు. చిక్కిపోయినట్టు కనపడకూడదు” అన్నారు దారం పంటితో తెంపి.

*

ఆదివారం పొద్దున ఆటోలో బయల్దేరాం. సిద్రా రానంది. “నేనొస్తే నువ్వు నా వెనక దాక్కుంటావు” అంది. వెళ్ళేముందు ఆస్పత్రి కాగితాలన్నీ కవరులో పెట్టి నా సంచీలో కుక్కింది.

భవానీపురం దాటి ఆటో ఏటి ఒడ్డు రోడ్డు ఎక్కింది. ఆ ఏడు కృష్ణలో నీళ్ళు లేవు. బ్యారేజీ దిగువన ఇసుక మేటలు, మధ్యలో చిన్న పాయ.

“ఏమండీ, మీకొక మాట చెప్పాలి.”

“నాకంతా తెలుసు. నువ్వేం చెప్పకు, ధైర్యంగా ఉండు.”

“అది కాదండీ...”

“అదిగో బ్యారేజీ. గుర్తుందా?”

గుర్తు లేకపోవడమేంటి! పెళ్ళయిన నెలలో సైకిలు మీద తీసుకొచ్చారు. అప్పుడు నిండు కృష్ణ. కమ్మీ పట్టుకుని నిలబడి, “ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలువు” అన్నారు. ఛీ, తప్పన్నాను. “ఇక్కడెవరున్నారు? నువ్వూ నేనూ కృష్ణా. కృష్ణ ఎవరితో చెప్తుంది? అందరి నోట్లోనూ నా పేరు పాతబడిపోయింది. నీ నోటితో వినాలని ఉంది” అన్నారు. నోరు తెరిచాను కూడా. మొదటి అక్షరం దగ్గరే సిగ్గొచ్చి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ఆ తర్వాత ప్రతి పండక్కీ కొత్త జాకెట్టు చేతికిస్తూ, “కుట్టుకూలి వద్దు, పేరు పెట్టి ఒక్కసారి పిలు, చాలు” అనేవారు. నేను నవ్వి తప్పించుకునేదాన్ని. ఈ ఏడు బక్రీదుకి అడగలేదు. అడగలేదని ఆ రోజంతా దిగులుపడ్డాను. అడిగినన్నాళ్ళూ పిలవలేదు, అడగడం మానేశాక పిలవాలనిపించింది. ఇదెక్కడి బుద్ధో!

“గుర్తుందా అంటే మాట్లాడవేం?” అన్నారు.

“గుర్తుందండీ” అన్నాను. ఆటో కెనాల్ రోడ్డు మీదికి తిరిగిపోయింది.

*

క్లాసురూము గోడల మీద ఎక్కాల పట్టికలు. పిల్లల బెంచీలు, మోకాళ్ళు పట్టవు. పాతికమంది దాకా ఉన్నారు. మేము వెనకనించి రెండో బెంచీలో కూర్చున్నాం. నేను వెళ్ళిన మూడుసార్లూ ఆలస్యంగా చేరాను కాబట్టి ఆ మీటింగు ఎలా మొదలవుతుందో ఎప్పుడూ చూడలేదు. ఈయన తొమ్మిదిన్నరకే చేర్చారు.

రామ్మూర్తి గారు, రిటైరైన లెక్చరరు, రిజిస్టరు తీసుకుని లేచారు. పక్కన కనకవల్లి గారు పెన్నుతో సిద్ధంగా ఉన్నారు. డాక్టరు గారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నారు.

“సార్, ముందు నాదొక ప్రశ్న” అని మా ఆయన చెయ్యెత్తేశారు. నేను ఆయన మోచెయ్యి పట్టి కిందికి లాగాను.

“తప్పకుండా అడుగుదురు గానీ. ముందు పేర్లు అవనివ్వండి. మా పద్ధతి అది” అన్నారు రామ్మూర్తి గారు. “పిలిచిన పేషెంటు లేచి, ఆపరేషన్ అయి ఎంతకాలమైందో చెప్పాలి. మిగతావాళ్ళం చప్పట్లు కొడతాం. ముందు నేను. రామ్మూర్తి. ఎనిమిది సంవత్సరాల రెండు నెలలు.”

చప్పట్లు.

“బసవపున్నయ్య గారు.”

పెద్ద తలపాగా ఆయన లేచారు. “మూడేళ్ళండి. పొలం ఓసారి చూసుకునే వస్తున్నా.”

చప్పట్లు. నవ్వులు.

“అమలమ్మ గారు.”

“పదకొండు నెలలు. ప్రభువు దయ, మా కోడలి దయ.”

మా ఆయన ఒక్కొక్కరికీ అందరికన్నా గట్టిగా కొడుతున్నారు. కళ్ళు మెరుస్తున్నాయి. నా చెవి దగ్గరికి వంగారు.

“చూశావా, ఎనిమిదేళ్ళట! నాకంటే పుష్టిగా ఉన్నాడు మనిషి. మా ఆపాని ఇలాంటి చోటికి ఎవరైనా తీసుకొచ్చి ఉంటే గోడవైపు తిరిగేది కాదు.” అంతలోనే, “నువ్వెందుకు దాచావు ఆమినా? ఇన్నాళ్ళూ ఒక్కదానివే ఎలా మోశావు? నేనేం పరాయివాణ్ణా?” అన్నారు.

కోపంగా అన్నా బాగుండేది. బతిమాలినట్టు అన్నారు.

“ఆమినాబీ గారు.”

గది అంతా నా వైపు తిరిగింది. ఆయన మోచేత్తో పొడిచారు. “లే. భయమేం లేదు, నేనున్నా.”

లేచాను. బెంచీ చెక్క గట్టిగా పట్టుకున్నాను.

“చెప్పండమ్మా, ఆపరేషన్ అయి ఎంతకాలమైంది?”

ఇంకా కాలేదండీ అని కూర్చుంటే అయిపోతుంది. చప్పట్లు కొడతారు. ఈయన నన్ను ఇంటికి తీసుకెళ్ళి పాకంలాంటి టీ పెట్టిస్తారు, తల దువ్వుతారు, పక్కన కూర్చుని మాట్లాడతారు. అల్లా సాక్షిగా నాకది కావాలి. ఎంత కావాలో ఎవరికీ చెప్పలేను. కానీ స్కాను నాకు తీస్తారు. ఆయన లోపల ఏముందో ఎవరూ చూడరు.

“ఆ పేరు తప్పండీ” అన్నాను.

రామ్మూర్తి గారు రిజిస్టరు కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. “ఆమినాబీ, భవానీపురం. మీరే కదా?”

“అది నా పేరేనండీ. పేషెంటు పేరు కాదు. ఆవేళ నేనే సరిగ్గా చెప్పలేదు.”

కనకవల్లి గారు పెన్ను మూత తీశారు. “ఓ, అదా! పరవాలేదమ్మా. పేషెంటు పేరు చెప్పండి, దిద్దుకుంటాను.”

మా వారు అని నోటి చివరిదాకా వచ్చింది. సిద్రా వాళ్ళ అబ్బా అని కూడా వచ్చింది. అవేవీ ఆ గడిలో పట్టవు. పక్కన ఆయన నా కొంగు పట్టి లాగుతున్నారు, “ఏంటే? ఎవరి సంగతి?” అంటూ. నేను కిందికి చూడలేదు. ఎదురుగా గోడ మీద ఏడో ఎక్కం ఉంది, దాన్నే చూశాను.

“కరిముల్లా” అన్నాను.

ఇరవై ఆరేళ్ళు లోపలే ఉండిపోయిన పేరు కదా, వణక్కుండా వచ్చింది.

“షేక్ కరిముల్లా. ఏడు నెలల పదకొండు రోజులు.”

వాళ్ళ పద్ధతి ప్రకారం చప్పట్లు మొదలయ్యాయి. బసవపున్నయ్య గారు కొట్టారు, అమలమ్మ గారు కొట్టారు. అలవాటు కొద్దీ మా ఆయన కూడా రెండు చప్పట్లు కొట్టి ఆగిపోయారు. వెనక్కి తిరిగి చూశారు, ఆ పేరున్న ఇంకో మనిషి ఎవరా అని.

వెనక బెంచీ ఖాళీగా ఉంది.

నా సంచీ అప్పటికే ఒడిలోంచి జారి నేల మీద పడింది. సిద్రా కుక్కిన కవరు సగం బయటికొచ్చింది. ఆయన వంగి దాన్ని తీశారు. పైన ఆస్పత్రి వాళ్ళు రాసిన పేరు చదివారు. చాలాసేపు చదివారు. ఉన్నది రెండే మాటలు.

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కనకవల్లి గారి పెన్ను రిజిస్టరు మీద కదలకుండా నిలిచిపోయింది.

ఆయన నా వైపు తల ఎత్తారు.

“ఆమినా” అన్నారు. “నన్నేనా పిలిచావు?”